హెడ్లు దించకుండా స్ప్రింగులు మార్చాలంటే

అల్లుడూ,

మీ అమ్మ పంపిన వీడియో చూశాను. వాల్వ్ కవర్ తీసి విరిగిన వాల్వు స్ప్రింగు కనిపెట్టావు, సగం పని అయినట్టే. షాపువాళ్లు రెండు హెడ్లూ (సిలిండర్ల మీద మూతల్లా ఉండి వాల్వులు కూర్చునే భాగాలు) దించాలన్నారని కంగారుపడకు. నీ పికప్పులో ఉన్నది షెవ్రొలే 350, వీ8. నేను కువైట్‌లో ఉన్నప్పుడు కాప్రిస్‌లకూ సబర్బన్లకూ ఇదే ఇంజన్. ఆ ఎండల్లో హెడ్డు దించే ఓపిక ఎవరికుంటుంది? పైనుంచే మార్చేవాళ్లం.

వాల్వుని పైకి పట్టి ఉంచేది స్ప్రింగే, అది తీస్తే వాల్వు సిలిండర్లోకి జారుతుంది. దాన్ని లోపలినుంచి గాలితోనో తాడుతోనో ఆపాలి. కిటుకంతా అదే.

ముందు బ్యాటరీ వైరు తీసెయ్. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పితే క్రాంకు (పిస్టన్లను ఆడించే ఇరుసు) చేత్తో తిరుగుతుంది. ఒకటో సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ మీద, అంటే వాల్వులు రెండూ మూసుకుని ఉండగా, పైకి తెచ్చి మొదలుపెట్టు. అక్కడినుంచి 90 డిగ్రీలు తిప్పినప్పుడల్లా 1-8-4-3-6-5-7-2 వరసలో తర్వాతది వస్తుంది. డ్రైవర్ వైపు బేసి నంబర్లు, అటువైపు సరి నంబర్లు.

గాలికైతే ప్లగ్గు రంధ్రంలో బిగిసే 14 మిల్లీమీటర్ల మరల గొట్టం కావాలి. కంప్రెషన్ గేజి గొట్టమే వాడితే దాని చివర ఉన్న చిన్న పిన్ను తీసెయ్, అది ఉంటే గాలి లోపలికి పోదు. 90 నుంచి 100 పీఎస్ఐ చాలు. గాలి లోపలికి వదిలేముందు క్రాంకు బోల్టు మీద పానా ఉంచకు. పిస్టన్ కాస్త పక్కకు ఉన్నా గాలి దాన్ని తోసేస్తుంది, పానా వచ్చి చేతిని కొడుతుంది. గాలి ఎక్కాక చెవి పెట్టి విను. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్లో అయితే ఇన్‌టేక్, ఆయిల్ పోసేచోట అయితే పిస్టన్ రింగులు. సన్నగా వస్తే పర్లేదు. వాల్వే గట్టిగా లీకైతే మాత్రం హెడ్డు దించాల్సిందే, పంతానికి పోకు.

నాకైతే తాడే ఇష్టం. పిస్టన్ పైకి రావడానికి కాస్త ముందే ఆపి, సన్నని నైలాన్ తాడు లోపలికి దూర్చి, ఒక కొస బయట ఉంచి, క్రాంకు మెల్లగా తిప్పు. తాడు నలిగి వాల్వులు రెంటినీ పైకి ఒత్తిపడుతుంది. ఒకసారి నేను గాలితో పని చేస్తుంటే పక్కవాడు అదే కంప్రెసర్‌తో టైరుకి గాలి పట్టాడు. వాల్వు జారింది. పిస్టన్ పైనే ఉంది కాబట్టి దాని మీద కూర్చుంది, బతికాను.

రాకర్లు (వాల్వుని నొక్కే మీటలు), పుష్‌రాడ్లు (ఆ మీటల్ని కిందినుంచి తోసే కడ్డీలు) విప్పి అట్టముక్కకు వరసగా గుచ్చిపెట్టు, ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి. హెడ్డులో ఆయిల్ దిగే రంధ్రాల్లో గుడ్డపీలికలు కుక్కు. ఇది మరిచి ఒక లాకును (స్ప్రింగు మీది క్యాప్‌ని వాల్వు కాడకి పట్టి ఉంచే ముక్క) ఆయిల్ చాంబర్లోకి జారవిడిచాను. చింతగింజంత ముక్క! దానికోసం చాంబర్ విప్పి, మళ్లీ బిగించేసరికి రాత్రి పదయింది.

లాకులు క్యాప్‌కి అంటుకుపోయి ఉంటాయి. క్యాప్ అంచు మీద సాకెట్ పెట్టి సుత్తితో చిన్నగా తట్టు, వాల్వు కాడకి దెబ్బ తగలకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. స్ప్రింగుని లివర్‌తో నొక్కి, అయస్కాంతంతో లాకులు లాగెయ్. స్ప్రింగు బయటికొచ్చాక కాడని అటూఇటూ ఆడించి చూడు. బాగా ఊగితే గైడు (కాడ ఆడే గొట్టం) అరిగిందన్నమాట, కొత్త స్ప్రింగు వేసినా దండగే.

పాత 350లో కాడ మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కొత్త స్ప్రింగూ క్యాపూ పెట్టి కిందికి నొక్కాక, కింది గాడిలో రింగు ఎక్కించి, ఆ తర్వాత లాకులు పెట్టాలి. రింగు ముందే వేస్తే క్యాప్ దాన్ని చెడగొడుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ. లాకుకి లోపలివైపు గ్రీజు రాస్తే కాడకి అతుక్కుని నిలుస్తుంది.

విరిగింది ఒక్కటే అయినా పదహారూ మార్చు, మిగతావీ దాని వయసువే.

ట్యాపెట్ సెట్టింగుకి, అంటే రాకర్, పుష్‌రాడ్ మధ్య వదులు సరిచేయడానికి, వాల్వులు రెండూ మూసుకున్నప్పుడు పుష్‌రాడ్ పైకీ కిందికీ ఆడటం ఆగేదాకా రాకర్ నట్టు బిగించు. అక్కడినుంచి ఇంకో ముప్పావు చుట్టు. కవర్ మూసేముందు గుడ్డలు లెక్కపెట్టుకో.

స్టార్ట్ చేశాక ఆ చప్పుడు వీడియో తీసి పంపు. ఈసారి మీ అమ్మకు కాదు, నాకు.

మీ మామ
రాయచోటి