ట్యూబ్ మార్చాక హెడ్‌ఫోన్‌లో గుయ్‌మనే రొద

బ్రదర్, మీ హెడ్‌ఫోన్ ఆంప్ (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్)లో 12ఏయూ7 అనే వాక్యూమ్ ట్యూబ్ తీసి 12ఏఎక్స్7 పెట్టినప్పటి నుంచి రెండు చెవుల్లోనూ గుయ్‌మంటోందన్నారు కదా. టెన్షన్ పడకండి, ఆంప్ పాడైనట్టు కాదు. రెండింటి పిన్నుల వరస, ఫిలమెంట్ (ట్యూబ్‌ను లోపల వేడిచేసే తీగ) వోల్టేజీ ఒకటే, అందుకే చక్కగా కూర్చుంది. కానీ పాతదాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే సిగ్నల్‌ను పెంచే సామర్థ్యం, 20 దగ్గర, కొత్తదానిది 100. పాటతోపాటు ఇన్నాళ్లూ వినపడని రొద కూడా పెరిగింది. పైగా హెడ్‌ఫోన్‌కు కరెంటు ఇవ్వడంలో 12ఏఎక్స్7 బలహీనం. ఎక్కువ పెంచుతుందని మోజు పడొద్దు, పాతదే పెట్టేయండి.

అప్పటికీ రొద ఉంటే, పాటలు లాప్‌టాప్ నుంచి వస్తుంటే దాని ఛార్జర్ పీకి వినండి. ఆగిందా, బహుశా గ్రౌండ్ లూపే (రెండు పరికరాలూ వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలవడం వల్ల వచ్చే రొద). చిటపటలైతే సాకెట్ పిన్నులకు మురికి పట్టి ఉండొచ్చు, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కాంటాక్ట్ క్లీనర్ దొరుకుతుంది. ఆంప్ మూత తీస్తే మాత్రం జాగ్రత్త: ప్లగ్ పీకినా చాలా ఆంపుల కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలుంటాయి. మీటర్‌తో వోల్టేజీ మిగల్లేదని చూశాకే చెయ్యి పెట్టండి.