టెక్ సందేహాలు: బళ్ళారి బిల్లుకు ఎస్‌జీఎస్టీ ఎందుకు పడుతోంది?

ప్రశ్న: ఆదోనిలో ఒక రెడీమేడ్ బట్టల హోల్‌సేల్ వ్యాపారి కోసం ఏఐ ఏజెంట్ చేస్తున్నాను. టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి ఇ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) కూడా ఉంది. బిల్లు వెతకడానికి, చేయడానికి, క్యాన్సిల్ చేయడానికి వేర్వేరు టూల్స్ (ఏజెంట్ పిలిచి వాడుకునే ప్రోగ్రామ్‌లు) ఇచ్చాను. అయినా కర్ణాటకలోని బళ్ళారి పార్టీ బిల్లుకు, వేరే రాష్ట్రం అమ్మకాలకు పడాల్సిన ఐజీఎస్టీ బదులు, రాష్ట్రంలోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తోంది. ఒకసారి బిల్లు చూపించమంటే క్యాన్సిల్ టూల్‌ను పిలవబోయింది. మోడల్ మార్చాలా?
– ఒక డెవలపర్, కర్నూలు

జవాబు: మోడల్ జోలికి అప్పుడే పోకండి. మీరు పంపిన టూల్స్ జాబితా చూశాను. క్యాన్సిల్ టూల్ కింద ‘ఇన్‌వాయిస్ పనులు చూస్తుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. వెతికే టూల్ కిందా దాదాపు అదే ఉంది. మోడల్‌కు మీ కోడ్ కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, పారామీటర్ల జాబితా, అంతే. ఆ కాగితం ఒక్కటే చేతిలో పెడితే కొత్తగా చేరిన గుమాస్తా కూడా మీ ఏజెంట్ చేసిందే చేస్తాడు.

క్యాన్సిల్ టూల్‌కు నేనైతే ఇలా రాస్తాను: “ఇ-ఇన్‌వాయిస్‌ను మొత్తంగా రద్దు చేస్తుంది. రద్దయ్యాక వెనక్కి తేలేం, అదే బిల్లు నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ (ఇ-ఇన్‌వాయిస్‌కు పోర్టల్ ఇచ్చే నంబరు) రాదు. ఐఆర్‌ఎన్ వచ్చిన 24 గంటల లోపే పనిచేస్తుంది. దాటితే పిలవొద్దు; క్రెడిట్ నోటా, జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్‌లో) సవరణా అన్నది అకౌంటెంట్‌ను అడగమని చెప్పాలి. సరుకు రవాణాకు తీసుకున్న ఈ-వే బిల్లు నడుస్తుంటే రద్దు కాదు. ఒక్క ఐటమ్‌నో రేటునో దిద్దడానికి ఇది పనికిరాదు. బిల్లు చూడటానికి, వెతకడానికి వాడొద్దు. బిల్లు నంబరు, పార్టీ పేరు, మొత్తం చెప్పి, యూజర్ ఒప్పుకున్నాకే పిలవాలి.”

పొడవనిపిస్తుందేమో. కోడ్‌లో పేజీలకు పేజీలు కామెంట్లు రాసేవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి పిసినారులైపోతారు. ఎప్పుడు వాడాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు వాడకూడదో కూడా అంతే ముఖ్యం.

ఇక బళ్ళారి సంగతి. మీ బిల్లు టూల్‌లో ‘స్టేట్’ అని ఒక పారామీటర్ ఉంది. ఎవరి స్టేట్? అమ్మేవాళ్లదా, కొనేవాళ్లదా? రాయలేదు కాబట్టి మోడల్ మీ వ్యాపారి షాపు అడ్రస్ చూసి ఆంధ్ర కోడ్ 37 వేసేసింది. దాని పేరు ‘ప్లేస్ ఆఫ్ సప్లై’ (పన్ను లెక్కకు ఏ రాష్ట్రానికి అమ్మినట్టో చెప్పేది) అని మార్చి, రెండంకెల కోడ్ అని, ఆంధ్రకు 37, కర్ణాటకకు 29, తెలంగాణకు 36 అని రాయండి. తెలియకపోతే ఊహించకుండా అడగమనండి. ‘సరుకు దించే ఊరు’ అని మాత్రం రాయకండి. బళ్ళారి పార్టీ ఆర్డరిచ్చి, సరుకు ఎమ్మిగనూరులో వేరే షాపుకు దించమన్నాడనుకోండి. లారీ ఆంధ్ర దాటకపోయినా, మీ వ్యాపారి బళ్ళారి పార్టీకి వేసే బిల్లులో ప్లేస్ ఆఫ్ సప్లై కర్ణాటకే, పడేది ఐజీఎస్టీయే.

అసలు ఐజీఎస్టీయా, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు ముక్కలా అన్న నిర్ణయాన్ని మోడల్‌కు వదలొద్దు. అమ్మేవాళ్ల రాష్ట్రం కోడ్‌నూ, ప్లేస్ ఆఫ్ సప్లై కోడ్‌నూ పోల్చే పని మీ ప్రోగ్రామ్ రెండు లైన్లలో చేస్తుంది. 24 గంటల లెక్క కూడా అంతే. వివరణ దారి చూపుతుంది గానీ అడ్డుకోలేదు, అడ్డుకోవాల్సింది కోడే.

‘అమౌంట్’ దగ్గరా ఇదే తంటా. పన్ను కలిపి 1,05,000 అయిన బిల్లును పన్నుకు ముందు విలువగా పంపితే, దాని మీద మళ్లీ 5 శాతం, అంటే 5,250 రూపాయలు పడుతుంది. ‘పన్ను కలపని విలువ, రూపాయల్లో, కామాలు లేకుండా’ అని రాస్తే టెన్షన్ ఉండదు.

రేట్లు మాత్రం వివరణలో పెట్టకండి. 2025 సెప్టెంబరు 21 వరకు రెడీమేడ్ బట్టలకు పీసు వెయ్యి రూపాయల దాకా 5 శాతం, ఆపైన 12. మర్నాటి నుంచి ఆ హద్దు 2,500 అయింది, పై రేటు 18 అయింది. రేట్లన్నీ తేదీలతో సహా ఒక టేబుల్‌లో ఉంచి, టూల్‌ను అక్కడ చూసుకోనివ్వండి.

ప్రశ్న: కొనుగోలు బిల్లులు ఫొటో తీసి ఏఐతో చదివిస్తున్నాను. జీఎస్టీ నంబర్లో సున్నాకు ‘ఓ’, ఐదుకు ‘ఎస్’ వస్తోంది. ఏం చేయాలి?
– టైల్స్ వ్యాపారి, కడప

జవాబు: మామూలు డీలర్ల నంబర్లో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తర్వాత పది పాన్. పాన్‌లో ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. అంకె ఉండాల్సిన చోట ‘ఓ’ వస్తే అక్కడే దొరికిపోతుంది. చివరిది చెక్ డిజిట్, ముందున్న 14 నుంచి లెక్కకట్టి వచ్చేది. ఈ రెండూ సరిచూడమని మీకు యాప్ చేసిచ్చినవాళ్లకు చెప్పండి. తేడా వస్తే ‘తప్పు’ అని ఊరుకోకుండా, ‘ఎనిమిదో స్థానంలో అంకె ఉండాలి, ఊహించి దిద్దవద్దు, ఫొటో మళ్లీ అడుగు’ అని ఏఐకి వెళ్లే ఎర్రర్ మెసేజ్‌లోనే రాయమనండి.