టెలిస్కోప్ ఉపకరణాలన్నీ వాయిదాల మీద ఒకేసారి కొనవచ్చా?

ప్రశ్న: ఇటీవల నా పొదుపు సొమ్ముతో 150 మిల్లీమీటర్ల అద్దం, 750 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న న్యూటోనియన్ టెలిస్కోప్ కొన్నాను. చేత్తో తిప్పే సాధారణ మౌంట్ (టెలిస్కోప్‌ను నిలిపే ఆధారం), కన్ను ఆనించి చూసే 25, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లు దానితోపాటు వచ్చాయి. నా డీఎస్ఎల్ఆర్ కెమెరాను బిగించి నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాల) ఫొటోలు తీయాలని ఉంది. కెమెరాను టెలిస్కోప్‌కు కలిపే టీ-రింగ్, కెమెరా అడాప్టర్, ఐపీస్‌లూ ఫిల్టర్లూ ఉన్న పెట్టె, ఆవర్ధనాన్ని రెట్టింపు చేసే 2ఎక్స్ బార్లో లెన్స్, అద్దాల అమరికను సరిచూసే లేజర్ కాలిమేటర్ కలిపితే టెలిస్కోప్ ధరలో మూడింట రెండు వంతులు అవుతోంది. 12 నెలల వడ్డీలేని వాయిదాలకు ఇస్తామంటున్నారు. మొత్తం ఒకేసారి చెల్లిస్తే 5 శాతం తగ్గిస్తారట. నా అత్యవసర నిధి మూడు నెలల ఖర్చులకు వస్తుంది. వాయిదాల మీద అన్నీ కొనేయమంటారా?

జవాబు: వద్దు. కారణాలు రెండు. ఒకటి అప్పుకు సంబంధించినది, రెండవది మీ జాబితాకు సంబంధించినది. రెండవదే పెద్దది.

ఒకేసారి చెల్లించేవారికి 95కు దొరికే సరుకును మీరు వాయిదాల్లో 100కు కొంటున్నారు. మొదటి వాయిదా నెల తరువాత మొదలై, అప్పు నెలనెలా తరుగుతూ పోతుంది కాబట్టి, ఈ తేడా ఏడాదికి సుమారు 9.6 శాతం వడ్డీకి సమానమవుతుంది. ప్రాసెసింగ్ రుసుము ఉంటే అది ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల ఖర్చులకు సరిపడే నిధి చేతిలో లేనివారు అభిరుచి కోసం ఇంత వడ్డీకి అప్పు తెచ్చుకోవడాన్ని నేను సమర్థించలేను.

ఇక జాబితా. అందులో అన్నిటికంటే చవకైనది టీ-రింగ్, అన్నిటికంటే ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టేది కూడా అదే. టీ-రింగ్‌కు ఒకవైపు మీ కెమెరాకు సరిపోయే పట్టు, రెండోవైపు 42 మిల్లీమీటర్ల వ్యాసం, 0.75 మిల్లీమీటర్ల అంతరం గల మర ఉంటాయి. అది బిగించాక ఆ మర అంచు నుంచి కెమెరా సెన్సర్‌కు 55 మిల్లీమీటర్ల దూరం ఏర్పడుతుంది. కంటితో చూడడానికే రూపొందించిన అనేక న్యూటోనియన్లలో, ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే ఫోకసర్‌ను పూర్తిగా లోపలికి తిప్పినా ప్రతిబింబం అంత వెలుపలికి రాదు. అప్పుడు పొట్టి ఫోకసర్ కొనాలి, లేదా ప్రధాన అద్దాన్ని ముందుకు జరిపించాలి. బార్లో వేస్తే ఫోకస్ కుదరవచ్చు గాని, నాభ్యంతరం రెట్టింపై నెబ్యులాలకు పనికిరాకుండా పోతుంది. ఎలాగో ఫోకస్ కుదిరినా, భూభ్రమణం వల్ల నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల వరకు జరుగుతుంటాయి. 750 మిల్లీమీటర్ల నాభ్యంతరంతో, అనేక డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ పరిమాణపు సెన్సర్‌తో, అర సెకను దాటితే నక్షత్రం చుక్కలా కాక గీతలా పడుతుంది. కాబట్టి నక్షత్రాలను వెంబడించే ఈక్వటోరియల్ మౌంట్ కావాలి. ఫొటోల కోసమైతే తయారీదారు చెప్పిన భారంలో సగానికి మించి దానిపై మోపకూడదని అనుభవజ్ఞులు అంటారు గనుక, చిన్న మౌంట్‌తో పని జరగదు. ఆపైన ఎఫ్/5 అద్దంతో (నాభ్యంతరం వ్యాసానికి అయిదు రెట్లు) ఫొటో అంచుల్లో నక్షత్రాలకు తోకలు వస్తాయి, వాటిని సరిచేసే కోమా కరెక్టర్ అనే లెన్స్ కావాలి. గోచీ కాపాడుకోబోయి సంసారం పెట్టుకున్న సన్యాసి కథ ఇదే. అడాప్టర్ ధర అడిగినప్పుడు, దాని వెనుక రాబోయే వస్తువులన్నిటి ధరనూ కలిపి అడగాలి. మీ విషయంలో ఆ మొత్తం టెలిస్కోప్ ధరను సులభంగా మించిపోతుంది.

కొనకముందే ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేసుకోండి. చంద్రుడు ఉన్న రాత్రి ఐపీస్ తీసివేసి, ఫోకసర్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, దాని వెనుక తెల్ల కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ చంద్రబింబం స్పష్టంగా పడే చోటును పట్టుకోండి. ఫోకసర్ అంచు నుంచి కాగితానికి ఉన్న దూరం 55 మిల్లీమీటర్లకు అడాప్టర్ మందాన్ని కలిపినదానికంటే తక్కువగా ఉంటే, ఆ టీ-రింగ్ మీకు పనికిరాదు. ఎన్నో ఆర్డర్లు వెనక్కి పంపే శ్రమ ఈ కొలతతోనే తప్పుతుంది.

ఐపీస్‌ల పెట్టె సంగతి కొద్ది లెక్కతో తేలుతుంది. నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది కనుక, మీ దగ్గరున్న రెండు ఐపీస్‌లు 30 రెట్లు, 75 రెట్లు ఇస్తున్నాయి. 2ఎక్స్ బార్లో ఒక్కటి చేరితే 60, 150 కూడా వస్తాయి. అద్దం వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకు రెండు రెట్లు అనే స్థూల పరిమితి ప్రకారం మీకు గరిష్ఠం 300. వాతావరణం నిలకడగా లేని రాత్రుల్లో అంత దాకా వెళ్ళడం కుదరదు. పెట్టెలో ఉండే 12 మిల్లీమీటర్ల ఐపీస్, బార్లో వేసిన 25 చేసే పనినే దాదాపు చేస్తుంది. రంగు ఫిల్టర్లు చాలామంది దగ్గర పెట్టెలోనే ఉండిపోతాయి. అందువల్ల బార్లో కొనండి, పెట్టెను వదిలేయండి.

అలాంటి పెట్టెల్లో ఐపీస్‌కు బిగించే చిన్న సౌర ఫిల్టర్ కనిపిస్తే పారవేయండి. కేంద్రీకృతమైన వేడికి అది పగిలితే కంటిచూపు పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగమంతా కప్పే ఫిల్టరే వాడాలి. ఫిల్మ్ కొంటే, కంటితో చూడడానికి సాంద్రత (కాంతిని ఆపే కొలత) 5 ఉన్నదే తీసుకోవాలి, 3.8 సాంద్రతది ఫొటోలకు మాత్రమే. గురి చూసే చిన్న దుర్భిణి అయిన ఫైండర్‌ను కూడా మూసి ఉంచాలి. ఇక్కడ మాత్రం పొదుపు చూడకండి. లేజర్ కాలిమేటర్ విషయంలో నా అభిప్రాయం వేరు: చవకరకం లేజర్ తన గొట్టంలోనే వంకరగా ఉండే అవకాశం ఉంది, మీ అద్దాలను సరిచేసుకోవడానికి రంధ్రంలోంచి చూసి సరిచేసే సాదా చెషైర్ గొట్టం సరిపోతుంది.

కొన్న వస్తువు ఎంతకాలం మీతో ఉంటుందో చూసుకుని సొమ్ము కేటాయించడం నా పద్ధతి. 1.25 అంగుళాల మంచి ఐపీస్, బార్లో రేపు మరో టెలిస్కోప్ కొన్నా పనికొస్తాయి, అమ్ముకున్నా మంచి ధరే వస్తుంది. టీ-రింగ్ మీ కెమెరా పట్టుకు కట్టుబడి ఉంటుంది, కెమెరా మారితే దాని పని అయిపోయినట్టే. ఫొటోల కోరికను ప్రస్తుతానికి ఐపీస్‌కు బిగించే ఫోన్ అడాప్టర్‌తో తీర్చుకోవచ్చు. అందులో ఫోకస్ దూరం సమస్య ఉండదు, చంద్రుడి బిలాలు చక్కగా వస్తాయి. అయితే మీ ఫోన్ వెడల్పును, ఐపీస్ బయటి వ్యాసాన్ని కొలిచి మరీ కొనండి.

ఖర్చులు పోను నెలకు మిగిలే సొమ్మును నాలుగు భాగాలు చేసి, అత్యవసర నిధి ఆరు నెలలకు చేరేవరకు మూడు భాగాలు అందులోకి, ఒక భాగం విడిగా తెరిచిన ఖగోళ ఖాతాలోకి పంపండి. ఆ ఖాతాలో పోగైన మేరకే చెషైర్, బార్లో, ఫోన్ అడాప్టర్ ఆ వరుసలో, పూర్తి సొమ్ము చెల్లించి, తగ్గింపు అడిగి కొనండి. ఒకటి వచ్చాక వాపసు గడువులోపే ఆకాశం కింద పరీక్షించి, ఆ తరువాతే రెండోదానికి వెళ్ళండి. నిధి నిండాక కూడా నెబ్యులాల మీద ఆసక్తి అలాగే ఉంటే, మొదట ఈక్వటోరియల్ మౌంట్‌కు కూడబెట్టండి. టీ-రింగ్‌ను మౌంట్ వచ్చాకే ఆర్డర్ చేయండి.