వ్యాన్‌లో ఓవర్‌లోడ్: ఇంజిన్ లాగుతోంది కదా అని వేయకండి

రాసి ఉన్న బరువు కంటే రెండు మూడు వందల కిలోలు ఎక్కువ వేసినా ఇంజిన్ హాయిగా లాగుతోంది, కమాన్ కట్టలు (బరువు మోసే పట్టీ స్ప్రింగులు) కూడా కిందికి దిగలేదు, ఇంకేం ప్రమాదం అని అడిగారు. నేను సరుకు వ్యాన్ నడుపుతాను. ఇంజిన్‌ని చూసి లోడు లెక్క వేయొద్దండీ. ప్రమాదమంతా బ్రేకుల్లో, టైర్లలో ఉంటుంది, మామూలుగా నడిపేటప్పుడు అది బయటపడదు.

ఓసారి తోటి డ్రైవరు నడుపుతుంటే నేను పక్క సీట్లో ఉన్నాను. వెనక నిండా టైల్స్ పెట్టెలు. చదును రోడ్డు మీద ఏ తేడా తెలియలేదు. పొడుగాటి దిగుడు మొదలయ్యాక ఆయన బ్రేకు మీద కాలు తీయకుండా వస్తున్నాడు. సగం దిగేసరికి మాడిన వాసన. కాసేపటికి పెడల్ మెత్తబడి కిందికి పోతోంది, బండి మాత్రం ఆగట్లేదు. ఒక్కో గేరూ తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ పక్కన మట్టిలోకి దించి ఆపాడు. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి సరిపోయింది.

బరువు పెరిగిన కొద్దీ బండిని ఆపడానికి బ్రేకుల్లో పుట్టే వేడీ పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లు. బ్రేక్ ఆయిల్ మరిగితే అందులో బుడగలు పుడతాయి. ఇక తొక్కుడంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది, చక్రాల దాకా చేరదు.

టైర్ల సంగతీ అంతే. టైరు పక్కన ఉండే లోడ్ నంబరు చూడండి. 104 అంటే ఆ టైరు మోయగలిగేది 900 కిలోలు. దాన్ని మించితే, అందులోనూ గాలి తక్కువుంటే, పక్క గోడ వేడెక్కి హైవే మీద పేలుతుంది.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటుంది, బరువు ఎక్కడ పెట్టామన్నది. ముందు, వెనక ఇరుసుల మధ్య 3 మీటర్ల దూరం ఉందనుకోండి. వెనక ఇరుసుకి మీటరు వెనకగా 200 కిలోలు పెడితే, వెనక ఇరుసు మీద దాదాపు 267 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీద 67 తగ్గుతాయి. స్టీరింగ్ తేలిపోతుంది, తడి రోడ్డు మీద తిప్పినా బండి నేరుగా పోతుంది. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా ఒక్క ఇరుసు పరిమితి దాటే వీలుంది. పైన క్యారియర్ మీద వేస్తే మలుపులో పల్టీ భయం వేరే.

డోర్ దగ్గరి ప్లేటు మీద మొత్తం బరువు, ఒక్కో ఇరుసు బరువు విడివిడిగా ఉంటాయి. మొత్తం బరువులో మీరు, హెల్పరు, డీజిల్, పనిముట్లు అన్నీ కలిసే ఉంటాయని మర్చిపోకండి. ఒకసారి పూర్తి లోడుతో వేబ్రిడ్జి (బండిని తూచే పెద్ద కాటా) ఎక్కించి, ముందు చక్రాలు, వెనక చక్రాలు విడిగా తూయించండి. బరువైనవి కింద, ఇరుసుల మధ్యలో పెట్టి గట్టిగా కట్టండి. పరిమితి దాటుతుంటే మిగతాది రెండో ట్రిప్పులో తీసుకెళ్లండి. ఓనరు ఒత్తిడి చేస్తే ఆ వేబ్రిడ్జి చీటీ చేతిలో పెట్టి మాట్లాడండి.