గాజువాక నుంచి మియాపూర్‌కి: రైలా, విమానమా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో గాజువాక. అమ్మాయి కాపురం హైదరాబాద్ మియాపూర్‌లో. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అమ్మాయేమో విమానంలో రమ్మంటుంది. నాకేమో వందేభారత్ ఉండగా అంత ఖర్చెందుకు అనిపిస్తుంది. మీరేమంటారు? మనకి బుల్లెట్ రైలు వస్తే ఈ బాధ ఉండదా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ అమ్మాయి మాటే వినండి. గాల్లో ఉండేది గంటంబావే అయినా, లెక్క మాత్రం మీ ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి అమ్మాయి ఇంట్లో కాళ్లు కడుక్కునే దాకా వెయ్యాలి. మీకు షీలానగర్ దాటితే ఎయిర్‌పోర్టే. గంటన్నర ముందు వెళ్లడం, దిగాక సామాన్ల కోసం నిలబడడం, శంషాబాద్ నుంచి మియాపూర్‌కి క్యాబ్... అన్నీ కలిపినా ఐదు గంటలు. వందేభారత్‌కి సికింద్రాబాద్ దాకానే ఎనిమిదిన్నర గంటలు. ముందూ వెనకా కలిస్తే పది దాటిపోతుంది.

గంటల కంటే నాకు ఆవిడ మోకాళ్ల గురించే బెంగ. మన దారిలో నడిచే వందేభారత్‌లో అన్నీ కూర్చునే సీట్లే. ముందు సీటుకీ మనకీ మధ్య కాలు పూర్తిగా చాపే జాగా ఉండదు. మా అమ్మతో వెళ్లినప్పుడు చూశాను. రాజమండ్రి దాటేసరికే కాలు బిగుసుకుపోయి, సీటు పట్టుకుని లేచి నిలబడింది. విజయవాడ దాకా అయితే నేను ఎవరికైనా కళ్లు మూసుకుని వందేభారతే చెబుతాను. హైదరాబాద్ దాకా, ఆ మోకాళ్లతో, వద్దు.

సంక్రాంతి రోజుల్లో విమానం టికెట్లు ముట్టుకోలేం. అప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. 1974 నుంచి మనవాళ్లని మోస్తున్న బండి. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్, రాత్రంతా కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. బుక్ చేసేటప్పుడు లోయర్ బెర్త్ కోటా అడగడం మరిచిపోకండి, 45 దాటిన ఆడవాళ్లకి, 60 దాటిన మగవాళ్లకి ఉంటుంది.

ఇక బుల్లెట్ రైలు. రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి 621 కిలోమీటర్లు, రైల్లో రెండున్నర గంటలు. 2008లో ఆ లైను పూర్తయ్యాక అక్కడి విమానాల జనం చాలామంది రైలుకి మారిపోయారు. మనకి సికింద్రాబాద్ 699 కిలోమీటర్లు. ఆ లెక్కన మూడు గంటల్లోపే. కానీ అది ఇప్పుడున్న పట్టాల మీద కుదరదు. వందేభారత్ గంటకి 160 కిలోమీటర్ల వేగంతో పోగల బండే, అయినా మనకి సగటున పడేది గంటకి 82 కిలోమీటర్లే. బొగ్గు గూడ్సులు, ప్యాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ అదే దారిలో పోవాలి మరి. జపాన్ వాళ్లు 1964లోనే టోక్యో, ఒసాకాల మధ్య వేగం బళ్లకి వేరే లైను వేసుకున్నారు. అంత ఖర్చు పెడితేనే అంత వేగం.

అలాంటి లైను మనకీ ఉంటే మీ ఇంటి నుంచి మియాపూర్‌కి రైల్లోనూ ఐదు గంటలు, కాస్త అటూఇటూగా. విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి నడిస్తే మీరు ఊరంతా దాటి వెళ్లాలి, ఒక గంట అదనం. అప్పుడు మీకు రైలే ముందు చేరుస్తుంది.

ప్రస్తుతానికి విమానం టికెట్ తీసేటప్పుడే ఆవిడకి వీల్‌చైర్ కావాలని నమోదు చేయించండి. దానికి డబ్బులు తీసుకోరు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక అడిగితే ఆలస్యమవుతుంది.