కాయితంలో పడవ సంగతి రాయి

చి.సౌ. అమ్మాయికి పెదనాయన ఆశీస్సులు.

పులికాట్ సరస్సులోని మన ఇరకం దీవిలో వార్డు మెంబరువయ్యావు, సంతోషం. ఒకటి ముందే చెప్తున్నా. దీవికి పని చెయ్యం అని ఏ ఆఫీసరూ నోటితో అనడు. ‘వచ్చి చూస్తాం’ అంటాడు. ఆ చూడ్డానికి పడవెక్కాలి, పని అక్కడే ఆగిపోతుంది. అందుకని అర్జీ గానీ తీర్మానం గానీ ఎస్టిమేటు గానీ, ఏది రాసినా అందులో పడవ సంగతి ఉండాలి.

అర్జీ ఎక్కడివ్వాలో మన పాతకాలపోళ్లు ఇంకా నెల్లూరనే అనుకుంటుంటారు. 2022 ఏప్రిల్ 4న మన తడ మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది. నెల్లూరు కలెక్టరేటు మెట్లెక్కితే బస్సు చార్జీ దండగ. సోమవారం తిరుపతి కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వు. పోలేకపోతే 1100కి ఫోన్ చెయ్యి. ఎలా ఇచ్చినా నమోదు నంబరు తీసుకో, అది లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. అర్జీకి ఒక్క సంగతే రాయి. నీళ్లు, లైట్లు, రేవు అన్నీ ఒకే కాయితంలో పెడితే ముగ్గురు అధికారులు ఒకరి మీద ఒకరు తోసేస్తారు. ఆఖర్న పడవ ఏ గంటకు పోతుంది, ఏ గంటకు తిరిగొస్తుంది, రేవులో ఎవరు ఎదురుంటారు రాయి. కొన్నాళ్లకు ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తుంది. ఎవరూ దీవికి రాకుండానే అది రావచ్చు. వచ్చిన రోజే పని జరగాల్సిన చోట ఫోటో తీసి, అదే నంబరు మీద మళ్లీ తెరవమని అడుగు.

గ్రామసభ తీర్మానం అర్జీ కన్నా బలమైంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాదికి రెండుసార్లన్నా సభ పెట్టాలి. ‘తాగునీటి సమస్య పరిష్కరించాలని తీర్మానించడమైనది’ అన్న తీర్మానం ఎందుకూ కొరగాదు. ఏ వీధి, ఎన్ని ఇళ్లు, పైపు ఎన్ని మీటర్లు, సర్వే నంబరు ఎంత, స్థలం పంచాయతీదా అటవీ శాఖదా, ఇవన్నీ తీర్మానంలోకి ఎక్కాలి. సంతకాలు సభలోనే పెట్టించు, తరవాత ఇంటింటికీ తిరిగి పెట్టించిన సంతకాలు రేపు నీకే గుదిబండ. మినిట్సు పుస్తకంలో ఎక్కిన పేజీని నంబరు కనిపించేట్టు ఫోన్లో తీసిపెట్టుకో.

ఇక అసలు పని చెడేది ఎస్టిమేటు దగ్గర. మీ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఒడ్డు మీది ఊరికి వేసినట్టే వేస్తాడు. ఇసుక, కంకర, సిమెంటు లారీలో వచ్చి పని దగ్గర దిగినట్టు లెక్క. ఇక్కడ లారీ రేవు దాకానే వస్తుంది. రేవులో దించాలి, పడవకెత్తాలి, దీవిలో దించాలి, మళ్లీ మోయాలి. సిమెంటు బస్తా 50 కిలోలు, నాటు పడవలో ఒక్కో తడవకు ఎన్ని పడతాయో పడవోళ్లను అడిగి రాసుకో. ఆ కూలీ, పడవ బాడుగ లీడ్ స్టేట్‌మెంటులో, అంటే సామాను పని దగ్గరికి చేర్చే ఖర్చు లెక్కలో, వేరే పద్దుగా రాకపోతే ఏ కాంట్రాక్టరూ టెండరు వెయ్యడు. వేసినా ఇసుకలో కోత పెడతాడు. పని మంజూరైంది, డబ్బుంది, ఎవరూ రాలేదు అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే. మీ సచివాలయం అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పడవోళ్ల చేత రాతపూర్వకంగా మూడు రేట్లు ఇప్పించు. నోటిమాట ఎస్టిమేటులోకి ఎక్కదు.

నీళ్ల సంగతిలో తొందరపడొద్దు. బోరు లోతుగా వేయించమని ఊరంతా అడుగుతుంది. చుట్టూ ఉప్పునీళ్లున్న ఇసుక నేలలో మంచినీళ్లు పైపొరగా తేలి ఉంటాయి. లెక్క ప్రకారం ఆ మట్టం ఒక అడుగు దిగితే కింది ఉప్పు 40 అడుగుల దాకా పైకెక్కుతుంది. లోతు బోరుకు పెద్ద మోటారు పెట్టి తోడితే నీళ్లు ఉప్పయి ఊరుకుంటాయి. మన పెద్దోళ్లు దొరువులు, అంటే లోతు లేని ఇసుక గుంటలు, తవ్వుకున్నది ఊరికే కాదు. బావి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, చిన్న మోటారు, మధ్యలో నీళ్లు ఊరే టైము, అలా అడుగు. తాగునీళ్లలో క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు మంచిది, వేరే దారి లేనప్పుడు 1000 దాకా ఒప్పుకుంటారు. వాన ముందు ఒకసారి, వాన తరవాత ఒకసారి పరీక్ష చేయించి కాయితం దాచు. జల్ జీవన్ పథకం లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి. బిందెల్లో లెక్కగట్టి రాస్తేనే ఎవరికైనా అర్థమవుతుంది.

ట్యాంకులో బ్లీచింగు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. 40 వేల లీటర్ల ట్యాంకైతే 100 గ్రాములు. బకెట్లో కలిపి, తేరిన నీళ్లే పొయ్యాలి, అడుగు మడ్డి పొయ్యకూడదు. అరగంట ఆగి వదలాలి. ఈ గాలికి పొడి తొందరగా చచ్చిపోతుంది, మూట విప్పిపెడితే నెలలోపే సున్నప్పొడి. ఆఖరి కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే వెయ్యనట్టే.

దీవికి వారధి కావాలని ఊళ్లోవాళ్లు అడుగుతారు, అడగనీ. పులికాట్ 1976 నుంచీ పక్షుల అభయారణ్యం, అనుమతికి జాతీయ వన్యప్రాణి బోర్డు దాకా పోవాల్సిన పని. ఈలోపు రేవు కట్టమని అడుగు. కొలత మాత్రం మే నెలలో తీయించు. డిసెంబరులో ఇంజనీరొస్తే నిండు సరస్సు చూసి పొట్టి రేవు గీస్తాడు, ఎండాకాలానికి ఆ రేవు బురదలో నిలబడుతుంది. అడుగుల గుర్తులేసిన గడతో రెండు కాలాల్లోనూ లోతు రాసి తీర్మానానికి జత చెయ్యి.

పడవలో లైఫ్ జాకెట్లు తొడిగించే దగ్గర మొహమాటం పెట్టుకోవద్దు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ మునిగి పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంగోలోళ్లే. అనుమతి లేని పడవ, జాకెట్లు లేవు. పడవలో ఎంతమంది పడతారో పక్కచెక్క మీద పెయింటుతో రాయించు, గాలి పెరిగిన రోజు అందులో సగం. నెలలు నిండినోళ్ల జాబితా ఏఎన్ఎం దగ్గర తీసుకో, కాన్పు తేదీకి వారం ముందే ఒడ్డుకు చేర్చు. రాత్రిపూట 108కి ఫోన్ చేసేటప్పుడు ఇంటి గుర్తులు కాదు, ఏ రేవు, పడవ ఎన్నింటికి ఒడ్డు తాకుతుంది అది చెప్పు.

ఎవరూ పలకకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగు. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10. తెల్లకార్డు ఉన్నోళ్లకు ఎక్కడా లేదు. 30 రోజులు చూడు, జవాబు రాకపోతే ఆ తరవాతి 30 రోజుల్లో అప్పీలు. ‘పని ఎందుకు చెయ్యలేదు’ అని అడగొద్దు, ఆ ప్రశ్నకు జవాబివ్వక్కర్లేదు. ‘ఫలానా నంబరు ఎస్టిమేటు నకలు, లీడ్ స్టేట్‌మెంటు నకలు ఇవ్వండి’ అని అడుగు. పడవ బాడుగ అందులో ఉందో లేదో తెలిసిపోతుంది.

కాయితాలన్నీ రెండేసి నకళ్లు తీయించు. ఒకటి ఒడ్డున బంధువుల ఇంట్లో ఉంచు, ఒకటి దీవికి తీసుకుపో. ప్లాస్టిక్ కవరు రెండు మడతలు వెయ్యి, పడవలో అల పైకి లేచిందంటే ఒక్కటి సరిపోదు.

ఇట్లు,
మీ పెదనాయన