రామప్ప గుడి మీద పీపీటీ, తెర మీద మాత్రం ఏదో లిపి

ఇంట్లో బాగానే ఉన్న పీపీటీ వేరే కంప్యూటర్లో ఎందుకు చెడిపోతుంది, ఏం జాగ్రత్త తీసుకోవాలి అని అడిగారు. తెలుగు పీపీటీ అయితే, నా లెక్కలో పదికి తొమ్మిది సార్లు తప్పు ఫాంటుదే. హనుమకొండలో సోషల్ టీచర్ని. ఈ సంగతి అరవై మంది టీచర్ల ముందు పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

ములుగులో ట్రైనింగ్. నాకిచ్చిన టాపిక్ రామప్ప గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఊపు ఇంకా తగ్గలేదు, నేనూ ఊపు మీదే ఉన్నాను. తెలుగు టైపింగ్ రాదు కాబట్టి చౌరస్తా దగ్గర డీటీపీ షాపులో ఇరవై స్లైడ్లు కొట్టించాను. అక్కడ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను.

హాల్లో లైట్లు ఆర్పారు. 'రామప్ప దేవాలయం, 1213' అని పడాల్సిన చోట 1213 ఒక్కటే సరిగ్గా ఉంది. మిగతావన్నీ నెత్తిన చుక్కలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో ఒక డాలరు గుర్తు. వెనక బెంచీలోంచి ఎవరో, "గిదేం శాసనం సారూ, కాకతీయుల కంటే ముందుదా?" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు.

నీళ్లలో తేలే ఇటుక వీడియో ఉంది కదా, దాంతో గట్టెక్కుదామనుకున్నాను. అదీ నల్ల డబ్బా. షాపతను వీడియోను ఫైల్లో పెట్టలేదు, తన కంప్యూటర్లో ఉన్న చోటికి లింకు ఇచ్చి వదిలేశాడు. చివరికి పునాదిలో ఇసుక ఎలా నింపారో చాక్‌పీసుతో బోర్డు మీద గీశాను. గుడి కాస్తా బోరు మోటారు షెడ్డులా వచ్చింది.

డీటీపీ షాపుల్లో వాడే 'అను' అనే పేరున్న ఫాంట్ల లాంటి వాటిలో కొడితే ఫైల్లో ఉండేవి ఇంగ్లిష్ కోడ్‌లే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. అది లేని కంప్యూటర్లో వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే పద్ధతిలో కొడితే, విండోస్‌లో ఉండే తెలుగు ఫాంట్లు గౌతమియో నిర్మలో ఏదో ఒకటి ఆదుకుంటుంది. లైన్లు కిందికి జారొచ్చు గానీ చదవడానికి వస్తుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఉంది, అయినా ఈ షాపుల వాళ్లు మారరు! అడిగితే "పెండ్లి కార్డులకు గవే అందంగ ఉంటయి సార్" అంటారు. పెండ్లి కార్డు ప్రింటయిపోతుంది, దానికేం, ములుగు దాకా పోయి తెర మీద పడాలా?

ఇప్పుడు ఫోన్లో మాట్లాడి టైప్ చేయించి (అది యూనికోడే), వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుని స్లైడ్లలో అతికిస్తున్నాను. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి పోతే అడుగున 'ఎంబెడ్ ఫాంట్స్' అని ఉంటుంది, అక్కడ టిక్ పెట్టండి, ఫాంటు కూడా ఫైలుతోనే వస్తుంది. కొన్ని ఫాంట్లకు లైసెన్సు ఒప్పుకోదు, అందుకే పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకోండి. అందులో యానిమేషన్లు ఆడవు. ఆడకపోతే మరీ మంచిది, ఒక్కో లైను గిరగిరా తిరుగుతూ రావడం చూడలేక చస్తున్నాం. వీడియోను ఎంపీ4గా అదే పెన్‌డ్రైవ్‌లో విడిగా కూడా వేసుకోండి.

ఇంకొకటి, ప్రొజెక్టర్‌కు పెట్టే పాత వీజీఏ వైరులో బొమ్మ వస్తుంది తప్ప శబ్దం రాదు. అది తెలియక ఒకసారి ప్రొజెక్టర్ స్పీకరు పాడైందనుకుని, పావుగంట సేపు దాని వాల్యూమే పెంచుతూ కూర్చున్నాం.